ఎండల సీమలో చలిబారిన పడ్డ చేప

మండు వేసవిలో జహ్రాలో ఒక చేప చలిబారిన పడిందంటే వినేవారికి పరిహాసంగా తోస్తుంది. ఈ జహ్రా గవర్నరేటులోనే ఉన్న మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నమోదయింది. ప్రపంచ వాతావరణ సంస్థ ఆ కొలతను పరిశీలించి 2019లో ధ్రువీకరించింది కూడా. అటువంటి చోట అద్దపు గిన్నెలో పెరిగే ఫైటర్ చేప రంగు తగ్గి, రెక్కలు ముడుచుకుని, తిండి మాని అడుగున పడి ఉంటే దానికి మొట్టమొదటగా అనుమానించవలసిన కారణం చలి. రెండవది అమోనియా. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా తోడవుతాయో, వాటి నుండి చేపను ఏ క్రమంలో బయటకు తీసుకురావాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కువైట్‌లోని మన కుటుంబాలలో ఈ చేపకు ఉన్న స్థానం చిన్నదేమీ కాదు. రెండు గదుల ఫ్లాటులో కుక్కను పెంచడానికి ఇంటి యజమాని ఒప్పుకోడు. పిల్లిని తెచ్చుకుంటే సెలవులకు ఊరు వెళ్ళేటప్పుడు ఎవరికి అప్పగించాలన్న బెంగ. ఎండ వలన నాలుగైదు నెలల పాటు పిల్లలు సాయంకాలమయ్యే దాకా గడప దాటరు. తాతయ్య, నాయనమ్మ, మేనత్తలు ఫోనులో తప్ప కనబడని ఆ పిల్లలకు గిన్నెలో తిరిగే ఆ రెండంగుళాల ప్రాణి ఇంటి మనిషితో సమానం. అది కదలడం మానేస్తే ఇల్లంతా మూగబోతుంది. మర్నాడు బడి ఉన్నా ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

మనవారు ఫైటర్ అని పిలిచే ఈ చేప శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. 1910లో బ్రిటిష్ మత్స్యశాస్త్రజ్ఞుడు చార్లెస్ టేట్ రీగన్ ఆ పేరు పెట్టాడు. దీని స్వస్థలం థాయ్‌లాండ్. అక్కడివారు ‘ప్లా కట్’, అనగా కొరికే చేప అంటారు. మన గోదావరి జిల్లాలలో సంక్రాంతికి కోడిపందేలు ఎటువంటివో అక్కడ ఈ చేపల పందేలు అటువంటివి. 2019లో ఆ దేశం దీనిని తన జాతీయ జలచరంగా ప్రకటించుకున్నది. వరిచేలు, నిలవనీటి గుంటలు, గడ్డి పెరిగిన కాలువలు దీని నివాసం. అటువంటి నీటిలో కరిగిన ప్రాణవాయువు చాలా తక్కువ. ఆ కొరతను తట్టుకోవడానికి ప్రకృతి దీని తలలో, మొప్పలకు పైభాగాన, ముడతలు ముడతలుగా ఉండే ఒక శ్వాసావయవాన్ని అమర్చింది. చేప పైకి వచ్చి నోటితో గాలి గుటక వేసి, ఆ ముడతలలోని రక్తనాళాల ద్వారా ప్రాణవాయువును గ్రహిస్తుంది. మన కొర్రమీనుకు కూడా ఇంచుమించు ఇటువంటి ఏర్పాటే ఉన్నది. సంతలో తడిగోనె మీద కొర్రమీను గంటల తరబడి బతికి ఉండటానికి అదే కారణం.

ఈ వరమే ఫైటర్‌కు శాపమయింది. గాలి పీల్చగలదు కాబట్టి దీనికి నీరు అంతగా అక్కరలేదని దుకాణాలవారు తేల్చారు. టీ కప్పు పరిమాణం గల ప్లాస్టిక్ డబ్బాలలో పెట్టి అమ్ముతారు. కొన్నవారు ఇంకొంచెం ఉదారంగా రెండు లీటర్ల గాజు గిన్నెలోకి మారుస్తారు. ఈ తర్కంలో ఒక పెద్ద లోపం ఉన్నది. గాలి పీల్చడం వలన ప్రాణవాయువు సమస్య మాత్రమే తీరుతుంది. శరీరంలో పుట్టే అమోనియాను చేప మొప్పల ద్వారా నీటిలోకే వదలాలి. దానికి గాలి ఉపయోగపడదు. అనగా లోనికి తీసుకునే శ్వాసకు ఆకాశం ఉన్నా, బయటకు వదిలే విషానికి ఆ రెండు లీటర్లే గతి.

ముందుగా చలి సంగతి చూద్దాం. ఈ చేపకు అనుకూలమైన ఉష్ణోగ్రత 25 నుండి 28 డిగ్రీలు. చేప మనవలె శరీరపు వేడిని నిలుపుకోలేదు. నీరు ఎంత ఉంటే ఒళ్ళు అంతే. జీవక్రియలు రసాయన చర్యలే కాబట్టి ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే వాటి వేగం రమారమి సగానికి పడిపోతుంది. తిన్నది అరగదు, పొట్ట ఉబ్బుతుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది, ఈదే ఓపిక ఉండదు. జహ్రాలో జూన్ మొదలు సెప్టెంబరు దాకా ఏసీలు రాత్రింబవళ్ళు నడుస్తాయి. గదిని 22 డిగ్రీలకు పెట్టుకుని మనం దుప్పటి కప్పుకుంటాం. చేపకు దుప్పటి లేదు.

పైగా గిన్నెలోని నీరు గది కంటే చల్లగా ఉంటుంది. ఇది చాలామందికి తట్టని విషయం. మన ఊళ్ళలో వేసవికి మట్టి కూజాలో నీరు ఎందుకు చల్లబడుతుందో అందరికీ తెలుసు. కూజా పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఎడారి గాలి పొడిగా ఉంటుంది. ఏసీ దానిలో మిగిలిన తేమను కూడా పిండేస్తుంది. అటువంటి గాలి వెడల్పు మూతి గిన్నె మీదుగా వీస్తే ఆవిరి వేగం పెరుగుతుంది, గాజుగిన్నె కూజా అవుతుంది. గది 22 డిగ్రీలలో ఉంటే నీరు రెండు డిగ్రీలు తక్కువగా ఉండటం సహజం. వాలుగా ఒక గాజు పలకను మూతగా పెడితే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. మూత కింద వెచ్చని, తేమగల గాలి నిలిచి, చేప గుటక వేసే గాలి కూడా నీటి వేడికి దగ్గరగా ఉంటుంది.

ఇక మన నీటి గురించి. ఒకప్పుడు జహ్రా బావుల ఊరు. ఆ ఊటనీటి మీదనే ఇక్కడి ఖర్జూర తోటలు పెరిగాయి. కువైట్ నగరానికి షత్ అల్ అరబ్ నుండి పడవలలో మంచినీరు వచ్చేది. 1950ల నుండి సముద్రపు నీటిని ఆవిరి పట్టి మంచినీరు చేసే కర్మాగారాలు వెలిశాయి. షువైఖ్, దోహా, జౌర్, సుబియా కర్మాగారాలు ఆ కోవలోనివి. ఆవిరి పట్టిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి దానికి కొంత ఉప్పదనం గల భూగర్భజలాన్ని కలిపి, క్లోరిన్ వేసి పంపుతారు. మా ఇంటి కుళాయి నీటి పి.హెచ్. నేను కొలిచినప్పుడల్లా ఎనిమిదికి అటూ ఇటూగా ఉంటున్నది, అంటే కొద్దిపాటి క్షారగుణం. మనుషులకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. ఫైటర్ కూడా అలవాటు పడుతుంది. అయితే అమోనియా విషయంలో ఈ ఒక్క అంకె కథను మార్చివేస్తుంది.

నీటిలో అమోనియా రెండు రూపాలలో ఉంటుంది. విద్యుదావేశం గల అమ్మోనియం అయాను మొప్పల పొరను సులభంగా దాటలేదు; దానివలన హాని స్వల్పం. ఆవేశం లేని అమోనియా అణువు మాత్రం నేరుగా రక్తంలోకి చొరబడుతుంది, అదే విషం. రెండింటి నిష్పత్తిని నిర్ణయించేది పి.హెచ్. 25 డిగ్రీల వద్ద, పి.హెచ్. 7 ఉన్న నీటిలో విషరూపం నూటికి సుమారు అరపాలే. పి.హెచ్. 8 అయితే నూటికి అయిదు పాళ్ళు దాటుతుంది. 9 అయితే నూటికి 36 పాళ్ళు. 7 నుండి 8కి ఒక్క మెట్టు ఎక్కితే విషం దాదాపు పది రెట్లన్నమాట. కోనసీమ, భీమవరం ప్రాంతపు చెరువుల రైతులను అడిగి చూడండి. చదువు ఎంతవరకైనా, అమోనియా, పి.హెచ్. అన్న మాటలు వారికి ఎరువు, పురుగుమందు అన్నంత పరిచయం. మన ఇంటి గిన్నెలో జరిగేదీ వారి చెరువులో జరిగేదీ ఒకటే.

చిన్న లెక్క వేద్దాం. రెండు గ్రాముల బరువున్న చేప రోజుకు 20 మిల్లీగ్రాముల గుళికలు తింటుందనుకుందాం. అందులో నూటికి 40 పాళ్ళు మాంసకృత్తులనుకుంటే 8 మిల్లీగ్రాములు. మాంసకృత్తులలో నత్రజని నూటికి 16 పాళ్ళు, అనగా 1.3 మిల్లీగ్రాములు. అందులో సగమే అమోనియాగా బయటపడినా రోజుకు 0.65 మిల్లీగ్రాములు. రెండు లీటర్ల గిన్నెలో మూడు రోజులకు లీటరుకు ఒక మిల్లీగ్రాము చేరుతుంది. పి.హెచ్. 8 వద్ద అందులో విషరూపం 0.05. చేపలకు సాధారణంగా సురక్షితమని చెప్పే పరిమితి 0.02. అదే చేపను ఇరవై లీటర్ల తొట్టెలో ఉంచితే ఆ మూడు రోజుల కూడిక పదోవంతే. పిల్లలు ముద్దుకొద్దీ మూడింతలు గుళికలు వేస్తారన్నది ఈ లెక్కలో చేర్చలేదు.

గత జూలైలో మా పై అంతస్తులోని రాజంపేట కుటుంబంవారి ఫైటర్ జబ్బుపడింది. వారి అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నేను వెళ్ళేసరికి చేప నాలుగు రోజులుగా ఏమీ ముట్టలేదట. నీలిరంగు బూడిదబారింది. గాలికోసం పైకి రావడానికి కూడా రెండుమూడు ప్రయత్నాలు చేస్తున్నది. అమ్మాయి నన్ను చూస్తూనే, “మామయ్యా, దీనికి జ్వరం వచ్చిందా?” అని అడిగింది. జ్వరం వస్తే బాగుండునమ్మా అన్నాను. ఆమె వింతగా చూసింది కానీ ఆ ప్రశ్న అడగదగినదే. జబ్బు చేసిన చేపలు తమంతట తాము ఒళ్ళు కాగించుకోలేవు. వీలుంటే వెచ్చని నీరున్న చోటికి ఈది వెళ్ళి అక్కడ నిలుస్తాయి, తద్వారా రోగంతో పోరాడతాయి. కొన్ని జాతుల మీద జరిగిన ప్రయోగాలలో ఇది 1970లలోనే తేలింది. రెండు లీటర్ల గిన్నెలో వెళ్ళడానికి వెచ్చని చోటేదీ?

గిన్నె ఏసీకి ఎదురుగా బల్ల మీద ఉన్నది. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, పి.హెచ్. 8, రంగుల పట్టీతో పోల్చి చూస్తే అమోనియా లీటరుకు రెండు మిల్లీగ్రాములు. ఒంటి మీద తెల్లచుక్కలు గానీ, బంగారు పొడి చల్లినట్లుండే పొర గానీ, పొలుసులు లేచి నిలబడటం గానీ లేవు. అనగా సూక్ష్మజీవుల వలన వచ్చిన రోగ లక్షణాలు కనబడలేదు. ఆమె తండ్రి అప్పటికే ఒక నీలిమందు, ఒక యాంటీబయాటిక్ పొడి కొని సిద్ధంగా ఉంచారు. రెండింటినీ అలమరలో పెట్టించాను. అడుగున ఉన్న కారణం నీరు అయినప్పుడు నీటిలో ఇంకొక రసాయనం కలపడం, రసాయన శాస్త్రజ్ఞుడిగా చెబుతున్నాను, వైద్యం కాదు.

ఇటువంటప్పుడు పనుల వరుస ముఖ్యం. ఎవరికైనా మొదట తోచేది నీటిని వేడిచేయడం. కానీ ఉష్ణోగ్రత పెరిగితే అమోనియాలో విషరూపపు పాలు కూడా పెరుగుతుంది. 20 నుండి 27 డిగ్రీలకు తెస్తే అది ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. కనుక ముందు నీరు, తరువాత వేడి. ఆ రోజు ఉదయం, సాయంత్రం నాలుగోవంతు నీరు తీసి కొత్త నీరు పోశాం. మరునాడూ అంతే. ఆ నాలుగు మార్పులకు అమోనియా మూడోవంతుకు దిగింది. తిండి పూర్తిగా ఆపించాను. ఆరోగ్యంగా ఉన్న చేప కూడా కొద్దిరోజుల ఉపవాసాన్ని తట్టుకుంటుంది. తినని చేపకు వేసిన గుళిక అడుగున కుళ్ళి అమోనియాగానే మారుతుంది. దీనికి మాత్రం అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుంది.

కొత్త నీటి విషయంలో గల్ఫ్‌కే ప్రత్యేకమైన చిక్కొకటి ఉన్నది. వేసవిలో మన మేడమీది ట్యాంకులు ఎండకు కాగి, చల్లనీటి కుళాయిలో కూడా వేడినీరే వస్తుంది. గీజరు ఆపివేసి, అందులో నిలిచి చల్లారిన నీటితో స్నానాలు చేసే చమత్కారం ఇక్కడ ఉన్నవారందరికీ తెలిసినదే. చేపకు ఈ రెండూ పనికిరావు. కుళాయి నీరు మరీ వేడి, గీజరు నీటిలో లోహపు భాగాల నుండి రాగి కరిగే అవకాశం ఉన్నది, రాగి చేపలకు అత్యల్ప మోతాదులో కూడా విషం. కుళాయిని ఒక నిమిషం వదిలేసి, వెడల్పు బకెట్టులో పట్టి, ఇంటిలోపలే ఒక రోజంతా ఉంచాలి. క్లోరిన్ చాలావరకు పోతుంది, నీరు గది వేడికి వస్తుంది. తొందరైతే క్లోరిన్‌ను విరిచే చుక్కల మందు దుకాణాలలో దొరుకుతుంది. అటువంటి మందులలో చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేటు. మన ఫొటో స్టూడియోల చీకటి గదులలో ‘హైపో’ అని పిలిచేవారే, అదే పదార్థం. సీసా మీది మోతాదు మించకూడదు.

మూడవ రోజున చేపను ఇరవై లీటర్ల తొట్టెలోకి మార్చాం. పాత నీటితో సహా దింపి, గంటకు కొంత చొప్పున కొత్త నీరు చేర్చాం. నీటి లోతు మొదట జానెడే ఉంచాం, నీరసంగా ఉన్న ప్రాణి గాలికోసం ఎక్కువ దూరం ఎక్కకుండా. 25 వాట్ల చిన్న హీటరు, దానంతట అది ఆగే రకం, పెట్టి రెండు మూడు గంటలకొక డిగ్రీ చొప్పున 27కు తెచ్చాం. జూలై నెలలో, జహ్రాలో, హీటరు ఎందుకని దుకాణదారు నవ్వాడట. అయిదవ రోజున చేప తనంతట తాను పైకి వచ్చి నిలిచింది. ఆరవ రోజున ఒక్క గుళిక తిన్నది. రెండు వారాలు తిరిగేసరికి నీటి మీద బుడగల గూడు కట్టింది. మగచేప గుడ్లు దాచుకోవడానికి కట్టే గూడు అది. కట్టిందంటే చాలావరకు కోలుకున్నట్లే. తోక అంచు చిరిగినచోట మాత్రం ఇప్పటికీ కొద్దిగా వంకరగానే ఉన్నది.

“నీళ్ళు మార్చగానే చచ్చిపోయిందండీ” అన్న మాట చాలా ఇళ్ళలో వింటాం. ఇందులో మూఢనమ్మకం లేదు, రసాయనం ఉన్నది. వారాల తరబడి మార్చని నీటిలో క్షారగుణం హరించుకుపోయి పి.హెచ్. ఆరుకు దిగుతుంది. లవణాలు తీసేసిన శుద్ధజలంతో గిన్నె నింపేవారి ఇళ్ళలో ఇది మరీ త్వరగా జరుగుతుంది, ఎందుకంటే ఆ నీటిలో ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బనేటు లేదు. ఆ ఆమ్లపు నీటిలో అమోనియా ఎంత పేరుకున్నా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో నిద్రపోతుంటుంది. దానికి మన క్షారపు కుళాయి నీరు సగం చేరిస్తే పి.హెచ్. ఒక్కసారిగా లేస్తుంది, నిద్రపోతున్న విషం మేలుకుంటుంది. అటువంటి గిన్నె ఎదురైతే పదోవంతు చొప్పున, పి.హెచ్. చూసుకుంటూ, రోజుల మీద మార్చాలి.

శాశ్వత పరిష్కారం తొట్టెలో మిత్రసూక్ష్మజీవులను పెంచడం. నైట్రోసోమోనాస్ వంటి జీవులు అమోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటును అంతగా హాని లేని నైట్రేటుగా మార్చే పని నైట్రోబాక్టర్‌దని మా చదువుల కాలంలో నేర్పారు. తొట్టెలలో ఆ పని ప్రధానంగా చేసేది నైట్రోస్పైరా అని 1998లో తేలింది. చిన్న స్పాంజి వడపోత పెడితే ఆ స్పాంజిలో ఇవి కాపురం పెట్టడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆ మధ్యకాలంలో నైట్రైటు పెరిగితే చేప రక్తం గోధుమవర్ణానికి తిరిగి ప్రాణవాయువును మోయలేదు. లీటరుకు ఒక గ్రాము మించకుండా ఉప్పు వేస్తే క్లోరైడు అయాన్లు మొప్పల వద్ద నైట్రైటుకు అడ్డుపడతాయి. స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగవద్దు. క్లోరిన్‌కు మిత్రులు, శత్రువులు అన్న భేదం లేదు. తీసిన పాత నీటిలోనే పిండాలి.

బాదం ఆకు గురించి కూడా అడుగుతుంటారు. మన బడుల ఆవరణలలో గొడుగులా పెరిగే నాటు బాదమే, విస్తళ్ళు కుట్టే ఆకే, ప్రపంచమంతటా ఫైటర్ ప్రియులు డబ్బు పెట్టి కొంటున్నారు. ఎండుటాకు నుండి దిగే టానిన్లు నీటిని తేనీటి రంగుకు మార్చి, పి.హెచ్.ను కొద్దిగా తగ్గిస్తాయి. సూక్ష్మజీవులను కొంత అణచగలవని ప్రయోగశాల పరీక్షలు చెబుతున్నాయి. సహాయకారి, అంతే. చలికీ, అమోనియాకూ అది మందు కాదు. కువైట్ వీధుల వెంట నాటిన కోనోకార్పస్ బాదం కుటుంబానిదే అయినా, దాని ఆకులు తెచ్చి తొట్టెలో వేయవద్దు. దుమ్ము, పొగ, పురుగుమందు ఏవి ఎంత అంటి ఉన్నాయో చెప్పలేం.

ఇవన్నీ సరిగా ఉన్నా చేప మందగిస్తే అది వార్ధక్యం కావచ్చు. వీటి ఆయుర్దాయం సాధారణంగా రెండు నుండి నాలుగేళ్ళు. పొడుగు రెక్కల మగచేప దుకాణానికి వచ్చేసరికే చాలా నెలల వయసుంటుంది. అటువంటప్పుడు లోతు తగ్గించి, ప్రవాహం తగ్గించి, పడుకోవడానికి నీటిపైభాగాన ఒక వెడల్పాకు మొక్క పెట్టడం కంటే చేయగలిగేది లేదు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

ఇక సెలవులు. వేసవిలో నెలా రెండు నెలలు ఊరికి వెళ్ళేవారు ఏసీ ఆపి తలుపు వేస్తే ఫ్లాటు కొలిమి అవుతుంది. అప్పుడు చేపకు ఎదురయ్యేది చలి కాదు, ఉడుకు. ఒకేసారి నెలకు సరిపడా కరిగే తిండి బిళ్ళలు వేసి పోవడం అమోనియాను ఆహ్వానించడమే. ఊరికి వెళ్ళని మిత్రుల ఇంటికి, గిన్నెతో కాక తొట్టెతో, స్పాంజితో సహా చేర్చాలి. గుళికలను రోజుకొక పొట్లంగా కట్టి ఇస్తే వారి పిల్లలు కూడా మూడింతలు వేయరు. 2024 జూన్‌లో జరిగినట్లు కరెంటు కోత వస్తే రెండు లీటర్ల గిన్నె త్వరగా కాగిపోతుంది, ఇరవై లీటర్ల తొట్టె నిదానంగా వేడెక్కుతుంది. మూత తీసి, తడి గుడ్డ చుట్టి, విసనకర్రతో విసిరితే చాలు, కూజా సూత్రమే ఈసారి మనకు అనుకూలంగా పనిచేస్తుంది.